ప్రార్థన నిమిత్తం, దేవా!

మా చర్చిలో జరిగిన ఉజ్జీవ కూటాలకు వచ్చిన ప్రసంగీకుడి తప్పేమీ లేదు. ఆయన మంచివాడు. ఆఖరి రోజు సాయంత్రం, దేవుని పేరు వ్యర్థంగా ఎత్తకూడదన్న మూడో ఆజ్ఞ గురించి మాట్లాడుతూ మా రేగులపాడు సంఘాన్ని ఒక చిన్న ప్రశ్న అడిగాడు.

“పొద్దుటి నుంచి మీరెన్నిసార్లు ‘దేవా’ అన్నారు? అందులో నిజంగా దేవుణ్ణి పిలిచింది ఎన్నిసార్లు? ఎవరైనా మిమ్మల్ని రోజంతా పేరు పెట్టి పిలుస్తూ, మీరు పలికితే ‘అబ్బే, నిన్ను కాదులే’ అంటే మీకెలా ఉంటుంది?”

సంఘమంతా సిగ్గుతో తలలు వంచుకుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. తలలు వంచుకున్న సంఘమంతా ఒక్క గొంతుతో “అయ్యో దేవుడా!” అంది.

ప్రసంగీకుడు చీకట్లో పకపకా నవ్వేశాడు. మర్నాడు శాలువా కప్పించుకుని రైలెక్కి వెళ్ళిపోయాడు కూడా. మా సంఘ సెక్రటరీ పరంజ్యోతిరావు గారు మాత్రం నవ్వలేదు. ఆయన సబ్ రిజిస్ట్రారుగా పనిచేసి రిటైరయ్యారు. నవ్వదగిన విషయమో కాదో విచారించకుండా నవ్వే అలవాటు ఆయనకు లేదు.

ఆ ఆదివారమే ఆరాధన అయ్యాక ప్రకటన చదివారు.

“ఇందుమూలముగా యావన్మంది సంఘ సభ్యులకు తెలియజేయునది ఏమనగా, దైవనామము మన సంఘ పరిధిలో విచ్చలవిడిగా వాడబడుచున్నట్లు కమిటీ దృష్టికి వచ్చినది. సదరు దుర్వినియోగమును అరికట్టు నిమిత్తము నామ గౌరవ పరిరక్షణ ఉపసంఘము ఏర్పాటు చేయబడినది. అధ్యక్షులు నేనే. పండిత సభ్యులు బర్నబా మాస్టారు.”

బర్నబా మాస్టారు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. ఉపసంఘంలో ఇంకో సభ్యుడు అక్కర్లేదని ఇద్దరూ ఏకగ్రీవంగా తీర్మానించుకున్నారు.

మొదటి నిబంధన అందరికీ నచ్చింది. దెబ్బ తగిలినా, పాలు పొంగినా, బస్సు తప్పినా దేవుని పేరు ఎత్తకూడదు. బదులుగా ఏమనాలని స్త్రీల సమాజం వాళ్ళు అడిగారు. ‘ఓహో’ అనుకోవచ్చునని ముందు అనుకున్నారు గానీ, గబుక్కున అంటే అది యెహోవాలోని ‘యెహో’ లాగా వినబడుతోందని మాస్టారు అభ్యంతరం చెప్పారు. బాగా ఆలోచించి, వెనకటి నాటకాల్లో రాజులు వాడే ‘ఔరా’ను ఖరారు చేశారు.

వారం తిరిగేసరికి ఊళ్ళో మావాళ్ళందరూ ఔరా అంటున్నారు. చెయ్యి కాల్చుకున్న ఇల్లాళ్ళు “ఔరా!” అంటున్నారు. కుళాయి దగ్గర బిందె జారితే “ఔరా!” అంటున్నారు. మా పేటలోని తక్కిన జనం, క్రిస్మస్‌కి ఈసారి పెద్ద నాటకమేదో వేస్తున్నారని అనుకుని వేషాలకోసం అడగడానికి వచ్చారు.

ఇంతటితో ఆగిపోయేదే. వజ్రమ్మ వల్ల ఆగలేదు.

వజ్రమ్మకు ఒక్కడే కొడుకు, యేసుబాబు. వాడు చెప్పుల కాళ్ళతో వచ్చి వడియాలు తొక్కాడు. “ఒరే యేసుబాబూ, నీ మొహం మండ!” అని వజ్రమ్మ వీధి మొదటిదాకా వినబడేలా అరిచింది. ఆ సమయంలో వీధి మొదట్లో పరంజ్యోతిరావు గారు ఉన్నారు.

ఆయన అక్కడికక్కడే నిలబడిపోయారు. ఎక్కడో ఉన్న దొంగ దొరికినట్టయింది ఆయనకు.

రెండో నిబంధన ఇలా వచ్చింది. “దైవనామము ఇమిడియున్న పేర్లు గల వ్యక్తులను లౌకిక వ్యవహారములందు పూర్తి పేరుతో పిలువరాదు. తిట్టవలసి వచ్చినచో ఇంటిపేరుతో తిట్టవలెను.”

మర్నాడు యేసుబాబు మళ్ళీ ఏదో తగలబెట్టాడు. వజ్రమ్మ నిబంధన ప్రకారం “ఒరే తాళ్ళూరి వెధవా!” అంది. వరసగా నాలుగిళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. తాళ్ళూరి వాళ్ళంతా బయటికొచ్చారు. ముందు వరసలో వజ్రమ్మ మామగారు.

“ఏందమ్మాయ్, ఎవరిని అంటన్నావు?” అన్నాడాయన.

“మిమ్మల్ని కాదు మామయ్యా, నా కొడుకునే. పేరు పెట్టి తిట్టవాకండని చర్చిలో చెప్పారుగా!”

“అయితే మీ పుట్టింటి పేరుతో తిట్టుకో!”

ఆ పంచాయితీ తేలడానికి చాలా రోజులు పట్టింది.

ఈలోగా బర్నబా మాస్టారు చదువుకున్న మనిషి కాబట్టి విషయంలో ఇంకా లోతుకు దిగారు. హెబ్రీ భాషలో ‘ఏలు’ అంటే దేవుడేనని బయటపెట్టారు. దాంతో సమూయేలు సమూ అయ్యాడు. గబ్రియేలు గబ్రి అయ్యాడు. ఆర్టీసీ కండక్టరు దానియేలు గారు దాని గారు అయ్యారు. ఇది మిగతావాళ్ళకన్నా ఆయనకు ఎక్కువ ఇబ్బంది అయింది.

“దాని గారు ఉన్నారా అమ్మా?” అని ఎవరో ఇంటికొచ్చి అడిగితే, ఆయన భార్య, “దేని గారు?” అంది.

“దాని గారేనమ్మా. నువ్వు దాని భార్యవేగా?”

ఆమె చీపురు తీసింది.

మాస్టారు మరీ నిజాయితీపరుడు. ఒకనాడు ఉపసంఘం సమావేశంలో గొంతు సవరించుకుని, “అధ్యక్షా, పరంజ్యోతి అనగా కూడా...” అని మొదలుపెట్టారు. అధ్యక్షులు ఆయన వైపు చూసి, “అది నామము కాదు, విశేషణము. తరువాతి అంశము,” అన్నారు.

ఆ తర్వాత ఉపసంఘం చెయ్యి ప్రార్థనల మీద పడింది. మా పాస్టరు కృపానందం గారు సాధువు. ఎవరినీ నొప్పించరు, ముఖ్యంగా సెక్రటరీని. ఆయన ప్రార్థన చేస్తే మాటకూ మాటకూ మధ్య ‘ప్రభువా’ పడేది. “ప్రభువా, ఈ ఉదయమందు ప్రభువా, నీ పాదముల యొద్ద ప్రభువా...” అలా సాగేది. ప్రతి ప్రభువుకూ అర్థం ఉండాలని, లేదా మొదట ఒకసారి, చివర ఒకసారి చాలునని ఉపసంఘం నిర్ణయించింది.

ఆ ఆదివారం అయ్యగారు ప్రార్థనకు లేచారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఉండగానే ఆమేన్ అయిపోయింది. ‘ప్రభువా’లన్నీ తీసేస్తే లోపల మిగిలింది అంతేనని అయ్యగారికే తెలియదు పాపం. కాసేపు అలాగే నిలబడి, మైకు వైపు చూసి, కూర్చున్నారు. సంఘం మాత్రం బయటికొస్తూ, చాలా కాలానికి ప్రార్థన చక్కగా జరిగిందని చెప్పుకుంది.

ఇలా అంతా క్రమంలో పడుతున్న రోజుల్లో సంతోషమ్మ కూతురికి పెళ్ళి కుదిరింది.

సంతోషమ్మ స్త్రీల సమాజానికి పెద్ద. చర్చిలో ఏ విందైనా గరిటె ఆమె చేతిలోనే ఉంటుంది. మనిషి భారీ, మోకాళ్ళు బలహీనం. కూర్చుంటే “దేవా”, లేస్తే “నా తండ్రీ”. ఎంత ప్రయత్నించినా ఔరా ఆమె నోట పలకలేదు. “ఔ” దాకా వచ్చి “దేవా” అయిపోయేది. ఉపసంఘానికి ఆమె మీద వచ్చినన్ని ఫిర్యాదులు ఎవరి మీదా రాలేదు. అందులో కొన్ని ఆమె తనమీద తనే చేసుకున్నవి.

కూతురు హెప్సిబాకి వచ్చిన సంబంధం బంగారం లాంటిది. అబ్బాయి కరెంటాఫీసులో లైన్‌మన్, నెమ్మదస్తుడు. పిల్లను ఇష్టపడి చేసుకుంటున్నాడు. లోపం ఒక్కటే, అతని పేరు యేసుపాదం.

“పాదం అని పిలువవలెను,” అన్నారు పరంజ్యోతిరావు గారు.

కబురు విన్న పెళ్ళికొడుకు తండ్రి మోటారు సైకిలేసుకుని వచ్చాడు. “ఏందండీ ఇది? మావాడు పాదమేంది? ఎడమదా, కుడిదా? పెళ్ళిలో అట్టా పిలిస్తే మా చుట్టాల ముందు మా పరువేం గాను? మీ చర్చిలో కుదరదంటే చెప్పండి, వేరే సంబంధం చూసుకుంటాం.”

సంతోషమ్మ ఆయనకు మంచినీళ్ళిచ్చి, బతిమాలి, కూర్చోబెట్టింది. “అన్నయ్యగారూ, నా మొహం చూసి ఓర్చుకోండి. పిల్లలిద్దరూ ఇష్టపడ్డారు. నేను మాట్లాడతాను గదా,” అంది.

మాట్లాడటానికి వెళ్ళిన సంతోషమ్మకు ఇంకో సంగతి తెలిసింది. పెళ్ళికి చర్చి ఇవ్వాలంటే ముందు ఆమె నోరు అదుపులో ఉన్నట్టు ఉపసంఘం ఎదుట రుజువు చెయ్యాలట.

పరీక్ష చర్చి వెనక గదిలో పెట్టారు. మధ్యలో ఎత్తు తక్కువ పీట వేశారు. ఒక పక్క పాస్టరుగారు తల దించుకుని కూర్చున్నారు.

“ఆసీనురాలవు కావలెను,” అన్నారు అధ్యక్షులు.

సంతోషమ్మ పెదవులు బిగబట్టి కూర్చుంది. మోకాళ్ళు కటకటమన్నాయి. నోరు కదల్లేదు.

“ఉత్తీర్ణత,” అన్నారు మాస్టారు సంబరంగా.

“ఇప్పుడు లేవవలెను.”

ఆమె గోడ పట్టుకుంది. సగం లేచింది. మళ్ళీ కూలబడింది. ఇంకోసారి లేవబోయింది. మొహం ఎర్రబడింది. “ఔ... ఔ...” అంటూ చివరికి, “నా తండ్రీ, దేవా!” అని లేచి నిలబడి, ఏడ్చేసింది.

“సంతోషమ్మా, ఇది ఊతపదము కాదా?” అన్నారు అధ్యక్షులు.

“కూర్చునేటప్పుడు అనేది ఊతపదమేనండీ, ఒప్పుకుంటాను,” అంది ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. “లేచేటప్పుడు కాదండీ. లేవగలనో లేదోనని నాకు నిజంగా భయమండీ. నిజంగానే పిలుస్తానండీ.”

పాస్టరుగారు తలెత్తి, ఎన్నడూ లేనిది నోరు విప్పారు. “అయితే ఇది ప్రార్థనే కదండీ సెక్రటరీ గారూ.”

పరంజ్యోతిరావు గారికి చెమట పట్టింది. ప్రార్థనను నిషేధించే అధికారం ఉపసంఘానికి లేదు. ఒకే మాట ఒకప్పుడు నేరమూ, ఇంకొకప్పుడు ప్రార్థనా అయితే ఎలా పట్టుకోవడం?

“ఉద్దేశాన్ని బట్టి ఉంటుంది అధ్యక్షా,” అన్నారు మాస్టారు.

“ఉద్దేశము కంటికి కనబడదు. రిజిస్టరు చేయుటకు వీలుపడనిది ఏదియు చెల్లదు,” అన్నారు అధ్యక్షులు. చాలాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించారు. తెరిచేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది. “ముందస్తు ప్రకటన!”

మూడో నిబంధన అలా పుట్టింది. దేవుని పేరు అనదలచినవారు ముందుగా స్పష్టమైన స్వరంతో ‘ప్రార్థన నిమిత్తం’ అని ప్రకటించాలి. ప్రకటించాక అది ప్రార్థన. ప్రార్థనకు ఇవ్వవలసిన గౌరవం ఇవ్వాలి గనుక, విన్న సభ్యులందరూ ఎక్కడివాళ్ళక్కడే ఆగి, కళ్ళు మూసి, తల వంచాలి. ప్రార్థించినవారు ఆమేన్ అనేదాకా కదలకూడదు.

సంతోషమ్మ ఒప్పుకుంది. పెళ్ళికి చర్చి ఇచ్చారు. పాదం సంగతి పెళ్ళయ్యేదాకా ఓర్చుకుంటామని వియ్యంకుడూ పళ్ళు బిగించి ఒప్పుకున్నాడు.

ఇక చూడాలి మా ఊరి బజారు. సంతోషమ్మ కూరల కొట్టు ముందు వంకాయలు ఏరి లేవబోతూ, “ప్రార్థన నిమిత్తం, దేవా!” అనేది. బజారులో ఉన్న మావాళ్ళందరూ బొమ్మల్లా ఆగిపోయేవారు. సైకిలు మీద వెళ్ళేవాళ్ళు కాలు కింద పెట్టి కళ్ళు మూసేవారు. లేచిన ఆనందంలో ఆమె ఆమేన్ అనడం మరిచిపోయి ఇంటికి వెళ్ళిపోతే, మనిషిని పంపి అనిపించుకునేదాకా బజారు అలాగే ఉండేది. బస్సులో డ్రైవరు బ్రేకు వేస్తే వెనక సీటు ముసలాయన ఎవరో “ప్రార్థన నిమిత్తం, ప్రభువా!” అన్నాడట. దాని గారు టిక్కెట్ల మిషను పట్టుకుని కళ్ళు మూశారు. ఆయన కళ్ళు తెరిచేసరికి బస్సు ఖాళీ.

పెళ్ళి రోజు వచ్చింది. చర్చికి రంగు కాగితాలు కట్టారు. మగపెళ్ళివారు రెండు బస్సుల్లో దిగారు. “పాదం గారు వచ్చారు, పాదం గారు వచ్చారు,” అని మావాళ్ళు ఎదురెళితే, వాళ్ళలో పెద్దవాళ్ళు కొందరు చెప్పుల వైపు చూసుకున్నారు.

వేదిక కింద, మనిషిని నీళ్ళలో నిలువునా ముంచే బాప్తిస్మపు తొట్టి ఉంది. మర్నాడు బాప్తిస్మాలు ఉండటంతో ముందే నీళ్ళు నింపి, పైన చెక్కలు వేసి, వాటి మీద ఎర్ర తివాచీ పరిచారు. ప్రమాణాలకు ముందు సెక్రటరీగారు నాలుగు మాటలు మాట్లాడటం మా దగ్గర ఆనవాయితీ. కొత్త సూటు వేసుకుని ఆయన తివాచీ నడిమధ్యకు వచ్చి నిలబడ్డారు.

“ఈ శుభ సందర్భమును పురస్కరించుకొని,” అన్నారు, “దైవనామ గౌరవ విషయములో మన సంఘము సాధించిన ప్రగతిని నివేదించుటకు సంతసించుచున్నాను. మన పునాది దృఢమైనది!” అని కాలితో వేదికను ఒక్క తాటింపు తాటించారు.

ఫెళ్ళుమంది. తివాచీ మధ్యలో గొయ్యి పడింది. సెక్రటరీగారు కనబడలేదు. నీళ్ళు మొదటి వరస మీద పడ్డాయి.

లోపల్నుంచి కేక వచ్చింది. “దేవా! యేసయ్యా! ప్రభువా!”

నీళ్ళు రొమ్ము లోతే. కానీ అడుగున పాకుడు పట్టి ఉంది. ఆయన లేవబోతే జారుతున్నారు, జారితే మునుగుతున్నారు. పైగా తివాచీ ఆయనతోపాటే దిగి మెడకు చుట్టుకుంది.

సంఘం లేవబోయి ఆగింది. అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ముందస్తు ప్రకటన వినబడలేదు.

బర్నబా మాస్టారు గొయ్యి అంచుకు వెళ్ళి, చెవి ఒగ్గి, మర్యాదగా అడిగారు. “అధ్యక్షా! తమరు అన్నది ఆశ్చర్యార్థకమా, సంబోధనా?”

“సంబోధనే!” అన్నారు అధ్యక్షులు మునుగుతూ. “సంబోధనే మాస్టారూ!” అన్నారు తేలుతూ.

“అయితే ప్రకటన...”

“ప్రార్థన నిమిత్తం! ప్రార్థన నిమి...” బుడుంగుమంది.

సంఘమంతా తృప్తిగా కళ్ళు మూసుకుని తల వంచింది. మాస్టారు అంచునే నిలబడి కళ్ళు మూసుకున్నారు. పాస్టరుగారు మూసుకున్నారు. వీడియో తీసే గబ్రి కెమెరా తిప్పుతూనే కళ్ళు మూసుకున్నాడు. మగపెళ్ళివారికి మా నిబంధనలు తెలియవు. ఈ సంఘంలో పెళ్ళికి ముందు సెక్రటరీకి బాప్తిస్మం ఇచ్చే ఆచారం కాబోలు అనుకుని, గౌరవంగా లేచి నిలబడ్డారు.

ఆమేన్ కోసం అందరూ ఎదురుచూస్తున్నారు. గొయ్యిలో బుడగలు వస్తున్నాయి. ఆమేన్ రాలేదు.

పెళ్ళికూతురు తల్లికి ఎంత భక్తి ఉన్నా పెళ్ళిలో రెండు కళ్ళూ మూసుకోవడం కుదరదు. సంతోషమ్మ ఒక కన్ను తెరిచి చూసింది. చూసి, పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, వేదిక మీదికి పరుగెత్తింది. ఆమె పరుగెత్తగా ఎప్పుడూ చూడని హెప్సిబా “అమ్మా!” అని అరిచింది. సంతోషమ్మ అంచున మోకాళ్ళ మీద దబ్బున కూలబడి, నీళ్ళలోకి చెయ్యి పెట్టి, చేతికి దొరికిన టై పట్టుకుంది.

“టై లాగవాకండి అత్తయ్యా, ఊపిరాడదు! చంకలు పట్టుకోండి!” అంటూ పెళ్ళికొడుకు బూట్లు విప్పి లోపలికి దూకాడు. “మీరు లాగండి, నేను కిందనుంచి తోస్తాను!”

“దేవా!” అని లాగింది సంతోషమ్మ.

“దేవా!” అన్నారు పరంజ్యోతిరావు గారు సగం పైకొచ్చి.

“ఓ దేవా, ఎంత బరువండీ!” అన్నాడు కిందనుంచి యేసుపాదం.

ముగ్గురూ కలిసి దేవుణ్ణి పిలిచారు. ఏ పిలుపుకు పనిచేసిందో తెలియదు గానీ, సెక్రటరీగారు తివాచీతో సహా పైకొచ్చి, సంతోషమ్మ ఒళ్ళో పడ్డారు. కాసేపు దగ్గారు. కళ్ళు మూసుకుని ఉన్న సంఘాన్ని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూశారు. తను మునుగుతుంటే తను పెట్టిన నిబంధనను ఒక్కరూ తప్పకుండా పాటించారని ఆయనకు అప్పుడు అర్థమైంది. గర్వపడాలో ఏడవాలో ఆయనకు తోచలేదు.

“ఆమేన్,” అన్నారు చిన్నగా.

“ఆమేన్!” అంది సంఘం.

పాస్టరుగారు కళ్ళు తెరిచి, ఆయన భుజం మీద తువ్వాలు కప్పారు. “ఇంత మనసుపెట్టి చేసిన ప్రార్థన ఈ చర్చిలో విని చాలా కాలమైంది సెక్రటరీ గారూ,” అన్నారు. ఎగతాళి చేయడం ఆయనకు రాదు.

తడి బట్టలతోనే పెళ్ళికొడుకు ప్రమాణం చేశాడు. “యేసుపాదం అను నేను,” అని గట్టిగా అన్నాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. భోజనాల దగ్గర సంతోషమ్మ గరిటె పట్టుకుని, “ఇదిగో, మా యేసుపాదానికి ఇంకాస్త మాంసం వెయ్యండి, నీళ్ళలో నాని ఉన్నాడు!” అని పందిరి ఎగిరిపోయేలా కేకేసింది. ఆ వరసలోనే, ఎవరిదో లుంగీ కట్టుకుని కూర్చున్న పరంజ్యోతిరావు గారు తల వంచుకుని పప్పు కలుపుకున్నారు. ఆమె ఆయన దగ్గర ఆగి, అడక్కుండానే రెండు ముక్కలు వేసింది.

ఆ తర్వాత నిబంధనల మాట ఎవరూ ఎత్తలేదు. ఉపసంఘాన్ని రద్దు చేద్దామని పాస్టరుగారు కమిటీలో నెమ్మదిగా అన్నారు. ఒకసారి ఏర్పడ్డ ఉపసంఘాన్ని రద్దు చేసే పద్ధతి సంఘ నియమావళిలో లేదని తేలింది. అందుకని పేరు మార్చారు. ఇప్పుడది బాప్తిస్మపు తొట్టి మూత పరిరక్షణ ఉపసంఘం. అధ్యక్షులూ, పండిత సభ్యులూ వాళ్ళే. ప్రతి ఆదివారం అందరికంటే ముందొచ్చి, పరంజ్యోతిరావు గారు కొత్త చెక్క మీద భయం భయంగా ఒక కాలు పెడతారు. పెట్టేముందు పెదాలు కదులుతాయి. ఏమంటున్నారో మాస్టారికి వినబడుతుంది, కానీ అది ఆశ్చర్యార్థకమా, సంబోధనా అని ఆయన అడగరు.